లోపల ఎవరూ లేరు

లోపల ఎవరూ లేరు, కానివ్వు, అన్నాడు. ఎవరో పరాయివాడు కాదు, నా మొగుడే. నేనున్న గది తలుపుకి బారెడు దూరంలో నిలబడి అన్నాడు. నేలకి పూత వేసే అతను పాపం మర్యాదగానే అడిగాడు, "సార్, లోపల ఎవరన్నా ఉంటే ఇప్పుడే వచ్చేయమనండి, నేనిక వేసుకుంటూ వెనక్కి వెళ్ళిపోతా" అని. క్షణం కూడా ఆలోచించలేదు మా ఆయన. నేను లోపల బల్ల ముందు కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాను. విన్నాను. ఇదిగో నేనున్నాను అనే మాట నోటి దాకా వచ్చింది కూడా, వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే ఒళ్ళు మండింది. చూద్దాం, ఎంతసేపటికి గుర్తొస్తానో చూద్దాం అనుకున్నాను. రోలరు చప్పుడు తలుపు ముందు నుంచి మెల్లగా జరుగుతూ వెళ్ళింది. ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు, ఉండవయ్యా మా ఆవిడ లోపలుంది అని, అనుకుంటూ పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. వీధి తలుపు వేసిన చప్పుడయింది. అప్పుడు తీశాను నా తలుపు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, నా గడప అంచు దాకా, నేలంతా తడితడిగా మెరుస్తోంది. ఏవండీ, అని అరిచాను. మనసులో ఎన్ననుకున్నా నోట్లోంచి వచ్చేది ఏవండీయే. కింద కారు కదిలిన చప్పుడు వినిపించింది.

బొమ్మ బల్ల మీద ఉంది. చెక్క మీద గీసిన బొమ్మ, చుట్టూ సన్నటి చట్రం, చంకలో పెట్టుకుంటే పట్టేంత. ఇవాళ సాయంత్రం ప్రదర్శన హాలు మూసేలోపు ఇది అక్కడికి చేరాలి. ఆ హాలు చూసుకునే ఆవిడ నిన్న కూడా ఫోను చేసి చెప్పింది. "రేపు సాయంత్రం దాటితే నేనేం చేయలేనండి. అన్నీ గోడలకి తగిలించేస్తాం, ఖాళీ ఉంచం. మీ వెనక చాలామంది ఉన్నారు." పెళ్ళయ్యాక నా బొమ్మ ఒకటి ఈ ఇంటి గడప దాటడం ఇదే మొదలు. ఆవిడకి ఫోను చేసి కాస్త ఆలస్యమవుతుందని చెప్పొచ్చు, మా ఆయనకి చేసి వెనక్కి రమ్మనొచ్చు, కానీ ఫోను వంటింటి గట్టు మీద ఛార్జింగులో ఉంది. కనిపిస్తూనే ఉంది. ఇదివరకైతే మధ్యలో గోడ ఉండేది. ఇల్లు బాగు చేయించడంలో మొదట పడింది ఆ గోడే. వంట చేస్తూ కూడా అందరితో కలిసి ఉన్నట్టుంటుంది అమ్మా, అంది కూతురు. కలిసే ఉన్నాం. నేనూ నా ఫోనూ ఒకరికొకరం నిక్షేపంగా కనిపిస్తున్నాం. నాలుగంగలు వేస్తే అందుతుంది, ఆ నాలుగంగలూ తడి.

తప్పు ఫలానా వాళ్ళదని చెప్పలేకపోవడమే నా బాధ. తిట్టడానికి సరైన మనిషి దొరకడు. నేను ముందే వెళ్ళిపోతానండీ, మీరు కొట్టుకెళ్ళి ఇంటికి కొత్త దీపాలు చూడండి, అని పొద్దున కాఫీ తాగుతూ నేనే అన్నాను. కాబట్టి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాడు. కూతురు కింద కారులో ఉంది, అమ్మ ఎప్పుడో వెళ్ళింది అని నాన్న చెబితే అది మాత్రం ఎందుకు అనుమానిస్తుంది. గుమ్మంలో నా చెప్పులైనా చూడొచ్చు కదా అందామంటే, పూత పని కోసమని అందరి చెప్పులూ సంచిలో వేసి మెట్ల మీద పెట్టించారు. ఈ ఇంట్లో దేనికైనా ఒక కారణం ఉంటుంది. నన్ను మర్చిపోవడానికి కూడా సబబైన కారణమే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఏ కారణమూ లేకుండా మర్చిపోయి ఉంటే కడిగి పారేసేదాన్ని, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. పూత వాసన ఘాటుగా నెత్తికెక్కుతోంది. తలుపు వేస్తే ఉక్క, తీస్తే వాసన. గడప దగ్గర గొంతుక్కూర్చుని చూపుడువేలితో నేలని తాకాను. అంటుకుంది. వేలిముద్ర పడింది, చిన్నది, మూలగా. వెంటనే భయమేసి చీర కొంగుతో తుడవబోయాను, తుడిస్తే ఇంకా పాడవుతుందని ఆగాను. ఈ వయసులో, నా ఇంట్లో, వేలిముద్రకి ఇంత జంకడం ఏమిటో.

ఈ బొమ్మ ఈ గదిలో గీసింది కాదు. వెనక బాల్కనీలో, వాషింగ్ మెషిన్ మూత మీద గీసింది. ఇంట్లో చదునుగా, ఖాళీగా ఉండే చోటు అదొక్కటే. భోజనాల బల్ల మీద ఎప్పుడూ ఎవరివో కాగితాలు, ఎవరిదో లాప్‌టాప్. బట్టలు లోపల పడేసి, మూత మీద పాత తువ్వాలు పరిచి, చెక్క పెట్టుకుని నిలబడి గీసేదాన్ని. కూర పొయ్యి మీద, బట్టలు మెషిన్లో, చెయ్యి చెక్క మీద. బట్టలు తిరిగినంతసేపూ ఫరవాలేదు, నీళ్ళు పిండే దగ్గరికి వచ్చేసరికి అది ఒకటే ఊగిపోయేది, దాంతోపాటు నేనూ. పాతది కదా, ఒక కాలు పొట్టి. మొదట్లో ఆ కాసేపూ చెయ్యి తీసేసేదాన్ని. తర్వాత్తర్వాత ఆ కాసేపటి కోసమే ఎదురుచూసేదాన్ని. రంగు మీద రంగు పూసి, ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు పళ్ళూడిన దువ్వెనతో గీకితే కింద రంగు బయటపడుతుంది, మెషిన్ ఊగుతుంటే ఆ గీత తిన్నగా పోదు, సన్నగా వణుకుతూ పోతుంది. గీసిందేమిటంటే ఎదురుగా ఉన్నదే, పక్కింటి వెనక గోడ. దాని గొట్టాలు, పాకుడు చారలు, స్నానాల గదుల చిన్న కిటికీలు. ఏ చార ఏ వానకి పడిందో నాకు తెలుసు, ఆ ఇంటివాళ్ళకి కూడా తెలియదు. హాలు ఆవిడ ఫోటో చూసి ఫోనులో తెగ మెచ్చుకుంది. "ఆ గీతలో వణుకుంది చూశారూ, గోడ ఊపిరి పీలుస్తున్నట్టుందండీ. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" ఇంట్లోనేనండీ, అన్నాను. అబద్ధం కాదు కదా. ఫోను పెట్టేసి ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెబితే, ఏం, బట్టలు సరిగ్గా పిండలేదా, అంటారని ఊరుకున్నాను.

నీకు బొమ్మలు రావు అని ఎవరూ అనలేదు నన్ను, అసలు చిక్కు అదే. మా కోడలు బొమ్మలు బాగా వేస్తుంది అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవారు. దాంతో వీధిలో పిల్లల బడి చార్టులన్నీ నా నెత్తిన పడ్డాయి. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కప్ప జీర్ణవ్యవస్థ. ఈ వీధి మొత్తానికి గుండెకాయ గీసింది నేనే. ఒకపక్క ఎరుపు, ఒకపక్క నీలం, మధ్యలో కవాటాలు. ఆంటీ, బాణాలు మర్చిపోయారు, అని ఒక పిల్ల వెనక్కి తెచ్చిచ్చింది, రక్తం ఎటు పోతుందో తెలియాలి కదా మరి. కొత్త ఇళ్ళలో దిగేవాళ్ళకి పూలకుండీల మీద అంచులు, ఆడపడుచు వాళ్ళ ఇంటి గోడకి లతలు, ఎవరి పుట్టినరోజుకో ఏనుగులు. రోజూ ఏదో ఒకటి గీసేదాన్ని, నాదంటూ ఒక్కటీ ఉండేది కాదు. నీకేం, చేతిలో విద్య ఉంది, అనేవారు. ఉంది. అందరి ఇళ్ళలోనూ ఉంది, నా ఇంట్లో తప్ప. పెళ్ళికి ముందు గీసినవి అమ్మ మంచం కింద పెట్టింది, అమ్మ పోయాక మంచం ఎవరో తీసుకెళ్ళారు, కింద ఉన్నవి ఏమయ్యాయని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతారో తెలిసే అడగలేదు.

ఫోను మోగుతోంది. గట్టు మీద వెలుగుతూ, వణుకుతూ మోగుతోంది. ఆవిడే. ఆవిడ కాకపోతే ఎవరు, నాకు ఇంకెవరు చేస్తారు. లేచి నిలబడి కుడికాలు గడప మీద పెట్టాను. పెట్టి నిలబడ్డాను. ఒక్క పూత, అంతేగా. పాడైతే ఇంకోటి వేస్తారు. కానీ మొదటిసారి పూత వేసినప్పుడు ఏం జరిగిందో నాకు తెలుసు. ఆడపడుచు ఇల్లు చూడటానికి వచ్చి, అబ్బ ఎంత నున్నగా ఉందో అంటూ లోపలికి నడిచేసింది. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చి పంపారు. ఆవిడ వెళ్ళాక కూతురు నేల మీద కూర్చుని ఏడ్చింది. యంత్రం పెట్టి మొత్తం గీకించారు, ఆ తెల్లదుమ్ము బియ్యంలోకి, పరుపుల్లోకి, చెవుల్లోకి దూరింది, ఆ దుమ్ము దులిపింది నేను. నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా, అక్కకి ఒక మాట చెప్పొద్దూ, అని మా ఆయన నన్ను కేకలేశాడు. అవును, అప్పుడు నేను ఇంట్లో ఉన్నానని బాగానే గుర్తుంది. ఆగిపోయింది ఫోను. కాలు వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ మోగితే వెళతాను, ఈసారి మోగితే ఎవరేమన్నా సరే తొక్కుకుంటూ వెళ్ళిపోతాను.

కూతురిది చెడ్డ మనసు కాదు. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకుంటానో. ఇళ్ళ లోపలి అలంకరణ చదువుకుంది, మన ఇల్లే నా మొదటి పని అమ్మా అంది, ఆ కళ్ళలో మెరుపు చూసి దేన్ని కాదనగలను. పాత సామాన్ల గదిని నాకు తెలియకుండా తాళం వేసి బాగు చేయించింది. ఒకరోజు నా కళ్ళకి చేతులు అడ్డం పెట్టి నడిపించుకొచ్చి, ఇప్పుడు తెరువు, అంది. తెరిచాను. తెల్లటి గోడ మీద నా కుంచెలన్నీ కడిగి తుడిచి ఎత్తు ప్రకారం మేకులకి తగిలించి ఉన్నాయి. కదలని మెదలని పెద్ద బల్ల. తలుపు మీద అమ్మ గది అని చెక్క అక్షరాలు. వాళ్ళ నాన్న ఫోనుతో వీడియో తీస్తున్నాడు. అబ్బ, ఎంత బాగుందో, అన్నాను. "అమ్మా, ఇంకోసారి. మళ్ళీ కళ్ళు మూసుకుని తెరువు. ఇందాక నీ మొహం సరిగ్గా రాలేదు." మళ్ళీ మూసుకున్నాను, మళ్ళీ తెరిచాను. రెండోసారి బాగా వచ్చింది. లెక్కలేనంతమంది చూశారట, ఇలాంటి కూతురు ఒక్కతి ఉంటే చాలు అని కింద రాశారట. నా దువ్వెనేదే, అన్నాను నెమ్మదిగా. "ఛీ, అదా? దాన్లో వెంట్రుకలున్నాయమ్మా, పారేశా. ఇదిగో, గీకడానికి స్టీలువి సెట్టు మొత్తం తెప్పించా." బాల్కనీ వంటింట్లో కలిసిపోయింది. కొత్త మెషిన్ గట్టు కింద అల్మారాలో కూర్చుంది, తలుపు వేస్తే ఉన్నట్టే తెలియదు, ఊగదు, చప్పుడు చేయదు, ఇంట్లో నాకంటే బుద్ధిమంతురాలు. ఈ గది కిటికీకి పాలరంగు అద్దం బిగించారు, అది తెరుచుకోదు. అవతల ఆ గొట్టాలేగా అమ్మా, అసహ్యంగా, ఏం చూస్తావు, అంది.

ఈ గది వచ్చాక ఒక్క గీత పడలేదు నాకు. పడింది, పడలేదని కాదు, బడి చార్టులో గీతలా తిన్నగా పడింది. కప్ప పేగుల్లా శుభ్రంగా పడింది. మోచేతిని బల్లకేసి నేనే ఊపి చూశాను, పిచ్చిదానిలా. కావాలని వణికితే అది వణుకు కాదు, నటన. ఇంకేం అడ్డం నీకు, గది ఉంది, బల్ల ఉంది, దీపం ఉంది, అంటాడు మా ఆయన నిజంగానే అర్థం కాక. ఇదివరకు గీయకపోతే చోటు లేదనేదాన్ని, తీరిక లేదనేదాన్ని. ఇప్పుడు నాకు సాకు కూడా లేకుండా చేశారు. పాత మెషిన్ని తూకానికి పట్టుకెళ్ళినవాడు దాన్ని మెట్ల మీద నుంచి దించుతుంటే చూశాను, ఆ పొట్టి కాలు గాలిలో వేలాడుతూ. దాన్ని ఉంచుకుంటానని ఎలా అడుగుతాను. నా గీత దాంట్లో ఉంది అంటే నవ్విపోరూ. నాకే నవ్వొస్తుంది. ఇంత బతుకు బతికి, నా చేతిలో ఉందనుకున్న విద్య మెషిన్ కాల్లో ఉందని తేలితే ఏడవాలా నవ్వాలా.

ఇందాక నేనిక్కడ నిలబడి ఏం చేస్తున్నానంటే, సంతకం. బొమ్మ మీద సంతకం లేదండీ, పెట్టుకుని రండి, అంది హాలు ఆవిడ. నేనెప్పుడూ పెట్టలేదు. చార్టుల మీద పిల్లల పేర్లు రాసిచ్చేదాన్ని, వాళ్ళ పేరు, తరగతి, కింద వరస సంఖ్య. నా సంతకం బ్యాంకులో తప్ప ఎక్కడా లేదు. ఏ పేరు రాయాలి, పుట్టింటి ఇంటిపేరా, అత్తింటిదా, ఒట్టి పేరు రాస్తే సరిపోతుందా. ఆ ఒట్టి పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఎవరున్నారు ఇప్పుడు. అమ్మా, వదినా, ఆంటీ, ఇదిగో, ఏమోయ్. అలా ఆలోచిస్తూ నిలబడిపోయాను, నిలబడిపోయి ఉండగానే లోపల ఎవరూ లేరు అన్నాడు. ఇప్పుడు కుంచె తడిపి కింద మూలలో ఒట్టి పేరు రాశాను. చెక్కు మీద సంతకంలా గట్టిగా, తిన్నగా వచ్చింది. ఊపిరి పీల్చే గోడ కింద అదొక్కటే చచ్చిన గీత. తుడిచేద్దామనుకున్నాను, అప్పటికే ఆరిపోయింది. ఆరకూడనివి మాత్రం ఎంత తొందరగా ఆరతాయో.

ఫోను మళ్ళీ మోగింది. లేచాను. బొమ్మ చంకలో పెట్టుకున్నాను, గడప మీద నిలబడ్డాను. నా ముందు నేల ఎంత అందంగా ఉందో, నిజం చెప్పాలంటే అందంగానే ఉంది, కూతురు కలగన్నట్టే కుదిరింది, పైకప్పు మొత్తం అందులో కనిపిస్తోంది. పద, అనుకున్నాను. ఒక్క అడుగు వేస్తే మిగతావి అవే పడతాయి. మోగుతోంది. కూతురు నేల మీద కూర్చుని ఏడ్చిన ముఖం గుర్తొచ్చింది, చిన్నప్పుడు బొమ్మ విరిగితే ఏడ్చినట్టే ఏడ్చింది. మోగుతోంది. ఒసే, వెళ్ళవే, అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆగిపోయింది. తర్వాత టింగుమని చిన్న చప్పుడు, ఏదో సందేశం వచ్చినట్టు. నేను అలాగే నిలబడి ఉన్నాను. పాలరంగు అద్దం పసుపుపచ్చగా మారింది, తర్వాత బూడిదరంగులోకి దిగింది. ఎవరూ నన్ను కట్టేయలేదు, తాళం వేయలేదు. ఒక్క పూతకి భయపడి నిలబడ్డాను. ఈ మాట రేపు ఎవరికీ చెప్పుకోలేను కూడా.

వీధి తలుపు తాళం తిరిగింది. గుర్తొచ్చాను, చివరికి గుర్తొచ్చాను, కొట్టులో దీపాలు చూస్తూ చూస్తూ అయ్యో అనుకుని పరిగెత్తుకొచ్చి ఉంటాడు. తలుపు తీసుకుని నేరుగా లోపలికి వచ్చాడు, చెప్పులతో. కూతురు గుమ్మంలోంచి కేకేసింది. "నాన్నా! చెప్పులు! నాన్నా, ఆగు!" "ఉండవే, కళ్ళజోడు మర్చిపోయాను, బిల్లు చదవలేక చచ్చాను అక్కడ. వాడు రేపు ఇంకో పూత వేస్తాడులే." చప్‌చప్‌మని అంటుకుంటున్న చప్పుడుతో వంటింటి దాకా వెళ్ళి, గట్టు మీద కళ్ళజోడు తీసి, పెట్టుకుని, అప్పుడు చూశాడు నన్ను. "నువ్వింకా వెళ్ళలేదా?" అన్నాడు. అలాగే నడుచుకుంటూ నా గది దాకా వచ్చి, నన్నూ, చంకలో బొమ్మనూ, నేలనూ చూసి, నాలుక కరుచుకుని, బొమ్మ ఇటివ్వు నేను పట్టుకుంటా, అన్నాడు. ఇచ్చాను. గుమ్మంలో కూతురి ముఖం పాలిపోయింది. అయ్యో అమ్మా, అంటుందనుకున్నాను. అంది కూడా. "అయ్యో అమ్మా, నువ్వు తొక్కలేదు కదా?"

లేదమ్మా, అన్నాను. అది ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య. అయితే నాన్న అడుగుల వరకే సర్దించేయొచ్చు. నువ్వు నాన్న అడుగుల్లోనే అడుగేసి వచ్చేయమ్మా, కొత్తవి పడకుండా." చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఆయన చెప్పు అచ్చుల్లో ఒక్కొక్కదాంట్లో కాలు పెట్టి నడిచాను. ఆయన పాదం పెద్దది, నాది అందులో పూర్తిగా పట్టింది. వంటింట్లో ఫోను తీసి చూశాను. మీ చోట్లో వేరేవాళ్ళది పెట్టేశామండీ, ఏమీ అనుకోకండి, అని రాసింది ఆవిడ. చదివి పక్కన పెట్టాను. కూతురు గుమ్మంలో వంగి, నేలని ఆ చివర నుంచి ఈ చివర దాకా పరీక్షగా చూసి, వాళ్ళ నాన్నతో అంటోంది. "చూడు నాన్నా, అమ్మ ఎంత జాగ్రత్తగా నడిచిందో. అమ్మది ఒక్క అచ్చు కూడా పడలేదు."